వీపు తడిస్తే ఇంటికే

ముందుగా ఒక మాట. నా రాత నెమ్మది. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఆలోచిస్తూ కూర్చుంటే టీ చల్లారిపోతుంది. తప్పులుంటే తిట్టుకోండి, కానీ చివరిదాకా చదవండి. యాభై తొమ్మిదో ఏట అ ఆలు దిద్దినదాన్ని. అంతకు ముందు నా చేతికి తెలిసింది సుత్తి ఒక్కటే.

మా ఆయనది లారీల టార్పాలిన్ పట్టాలు కుట్టే షెడ్డు. ఆయన కత్తిరించి కుట్టేవాడు. నేను అంచుల్లో కన్నాలు పొడిచి ఇత్తడి రింగులు బిగించేదాన్ని. ముప్ఫై నాలుగేళ్ళు అదే పని. డ్రైవర్లంతా నన్ను రింగులమ్మ అనేవాళ్ళు, చివరికి ఇంట్లోవాళ్ళకీ అదే అలవాటైంది. నేను రింగులు వేసిన పట్టాలు కొండలెక్కాయి, సముద్రాల ఒడ్డున ఆరాయి. నేను మాత్రం ఇంటి నుంచి షెడ్డుకు, షెడ్డు నుంచి ఇంటికి. మధ్యలో ఒక మురిక్కాలవ. అదే నేను దాటిన నది.

ఆయన పోయి ఐదేళ్ళయింది. షెడ్డులో ఇప్పుడు మావాడు ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. నేనూ వాడూ వెనక రెండు గదుల్లో ఉంటాం. ఎదురింట్లో మా వదిన, అంటే మా ఆయన అక్కయ్య, ఉంటుంది. ఆవిడ కిటికీకి పరదా ఉంది కానీ దాన్ని వేసినట్టు నేనెప్పుడూ చూడలేదు.

నేను చదువుకునే సాయంత్రం బడి ఒక హాలు మేడ మీద. కింద గోడకు ఒక బోర్డు. నాలుగేళ్ళు ఆ బోర్డు పక్క నుంచే మెట్లెక్కాను. ఒకరోజు మెట్టు మీద కాలు పెట్టబోతూ ఆగి, కూడబలుక్కుని, మొత్తం చదివేశాను. "కొండ అడవిలో మూడు రోజుల నడక. నిద్ర చెట్ల మధ్య ఊయలలో. ఊయల మేమిస్తాం. వాన కప్పు ఎవరిది వారే తెచ్చుకోవాలి. వయసుతో పని లేదు."

ఎవరూ చదివి పెట్టకుండా నేను చదివిన మొదటి బోర్డు అది. చివరి వాక్యం రెండుసార్లు చదివాను. వెంటనే లోపలికెళ్ళి పేరిచ్చాను.

నడక నడిపించేది ఈల మేడం. బడిలో ఆటలు నేర్పి రిటైరయింది, మెడలో ఈల మాత్రం రిటైరవలేదు. ఆవిడ నన్ను కింద నుంచి పైకి చూసింది.

"నడుస్తారా అమ్మా?"

"నడుస్తాను."

"నడక సంగతి సరే. వాన సంగతి వినండి. రెండేళ్ళ కింద ఒకాయన చిల్లుల కప్పు తెచ్చుకుని రాత్రంతా తడిసి, వణికి, పొద్దున్నకి లేవలేకపోయాడు. నలుగురం మోసుకుని దింపాం. అప్పటి నుంచి ఒకటే రూలు. మా పెరట్లో ఎవరి కప్పు వాళ్ళు కట్టుకుని అరగంట పడుకోవాలి. నేను పైపుతో నీళ్ళు కొడతాను. వీపు తడిస్తే ఇంటికే. ఆదివారం పరీక్ష. బుధవారం కట్టడం ఎలాగో చూపిస్తాను, రండి."

"కట్టడం నాకు చూపించక్కర్లేదు మేడం. నా బతుకంతా పట్టాల కిందే గడిచింది."

ఆ మాట గుర్తుపెట్టుకోండి. తర్వాత దాని ఖరీదు చెబుతాను.

ఇంటికి వచ్చి చెబితే మావాడు చేతిలో స్క్రూడ్రైవర్ పట్టుకునే నిలబడిపోయాడు.

"అడవి చూడాలనుంటే నేను తీసుకెళ్తానమ్మా. పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేద్దాం. కారు మాట్లాడతా."

"కారు అద్దంలోంచి చూసేదానికి టీవీ చాలదూ?"

"కింద పడితే?"

"పడితే లేస్తా."

వాడు ఇంకేదో అనేలోపే మా వదిన చెంగు దోపుకుంటూ రోడ్డు దాటి వచ్చేసింది. గోడలకు చెవులుంటాయంటారు, ఆవిడ గోడకు కాళ్ళు కూడా ఉన్నాయి.

"ఏమే, చెట్టుకు వేలాడటానికి నువ్వేమన్నా పొట్లకాయవా? పోనీ రాయి కూడా కట్టించుకో, తిన్నగా పెరుగుతావు."

"పెరగాల్సింది చాలా ఉంది వదినా."

"కాటికి కాళ్ళు చాపుకునే వయసులో ఊయలకు చాపుతానంటావు. నలుగురూ నవ్వరూ?"

"నవ్వనీ. ఆ నలుగురూ ఇన్నాళ్ళూ నన్ను చూసి ఏడ్చిందీ లేదు, పెట్టిందీ లేదు."

మావాడు నవ్వు ఆపుకోవడానికి ఫ్రిజ్‌లో తల పెట్టాడు.

నాకు కావలసింది ఒక్కటే, ఆ లిస్టులో చోటు. దానికి అడ్డం వాన కప్పు ఒక్కటే. షెడ్డు మూలన పాత లారీ పట్టా ముక్క ఉంటే ముందు దాన్ని ఎత్తి చూశాను. మడత నా నడుం ఎత్తుంది. దాన్ని కొండెక్కించాలంటే మళ్ళీ లారీయే కావాలి. మూడు రోజుల తిండీ, దుప్పటీ, కప్పూ అన్నీ నా వీపు మీదే మోయాలి. కొనక తప్పదు, అదీ నా చేతిలో ఉన్నదాంట్లోనే. మావాడిని అడిగితే ఇస్తాడు. కానీ అడిగితే వద్దనే హక్కు కూడా వాడికి ఇచ్చినట్టే.

మంగళవారం పొద్దున్నే బజారుకెళ్ళాను. క్యాంపు సామాన్ల షాపులో అద్దాల వెనక బూట్లు, దీపాలు, ముడిచిన గుడారాలు. షాపతను మర్యాదస్తుడే.

"రండి పిన్నిగారూ. మీ అబ్బాయికేనా?"

"నాకే. వాన కప్పు కావాలి."

"మీకా! ఎక్కడికి పిన్నీ?"

"చెట్టుకు వేలాడటానికి."

అతని మొహం తెల్లబోయింది. "ఊయలలోనయ్యా, ఊయలలో" అన్నాక ఊపిరి పీల్చుకున్నాడు.

మొదట ఒకటి తీశాడు. ఉల్లిపొరంత పలచన, పిడికిట్లో పట్టేస్తుంది. ధర చూస్తే మోటారుతో సహా పాత కుట్టుమిషను వస్తుంది. గుడ్డ మంచిదే, అబద్ధం చెప్పను. ముట్టుకున్నాను, మడిచి ఇచ్చేశాను.

తర్వాత నీలం ప్లాస్టిక్ పట్టా పరిచాడు. "అన్నిటికంటే చవక ఇదే పిన్నీ." మూలనున్న రింగు పట్టుకుని బొటనవేలితో ఒక్క తోపు తోశాను. రింగు ఊడి అతని బల్ల మీద పడి గుండ్రంగా తిరిగింది.

"ఈ రింగు వేసినవాడికి జీతం ఇవ్వలేదా?"

"అలా తోస్తే ఏదైనా ఊడుతుంది పిన్నీ."

"గాలి నాకంటే మెల్లగా తోస్తుందా?"

ఇంకేం చూపించాలో తెలియక అతను తల గోక్కున్నాడు. నేనే వంగి కింది అర చూశాను. అడుగున మట్టిరంగు పొట్లం ఒకటి దుమ్ము పట్టి ఉంది. తీయమన్నాను. అతనికి ఇష్టం లేదు.

"అది రెండేళ్ళుగా పోవట్లేదు. రంగు చూడండి, ఫొటోల్లో బాగుండదు. పైగా కుట్ల మీద టేపు వేయలేదు. అక్కడ నీళ్ళు దిగుతాయి. అందుకే మొదటిదానిలో మూడో వంతు ధర. తర్వాత నన్ను అనకండి."

నిజం చెప్పిన దుకాణదారు దొరికితే సగం బేరం కుదిరినట్టే. విప్పించాను. గుడ్డను పెదాలకు ఆనించి గట్టిగా ఊదాను. ఇది మా షెడ్డు పద్ధతి. ఊపిరి అవతలికి పోతే వాన ఇవతలికి వస్తుందనేవాడు మా ఆయన. నా బుగ్గలు బూరెల్లా పొంగాయి కానీ ఊపిరి అవతలికి పోలేదు. నాలుగు చోట్ల ఊదాను. వెనక నిలబడ్డ ఒకావిడ పిల్లను దగ్గరకు లాక్కుంది.

తర్వాత అంచు పట్టుకుని మూరలు కొలిచాను. ఆరున్నర.

"కొలవడం ఎందుకు పిన్నీ? ఇక్కడ రాసుంది కదా, మూడు మీటర్లు బై మూడు మీటర్లని."

"రాసింది నేనూ చదివాను. గుడ్డ కూడా అదే మాట చెబుతుందో లేదో చూస్తున్నా."

ఊయల కట్టి మనిషి కూర్చుంటే ఐదున్నర మూరలని మేడం దగ్గర ముందే కొలిచి వచ్చాను. అంటే తల వైపు జానెడు, కాళ్ళ వైపు జానెడు మిగులుతుంది. నాలాంటి పొట్టిదానికి చాలు. బరువు చూస్తే రెండు కొబ్బరికాయలంత.

"కుట్లకు మైనం రుద్దుకుంటాను" అన్నాను.

"లారీ గుడ్డ కాదు పిన్నీ ఇది. మైనం దీనికి పట్టదు, పొరలా లేచిపోతుంది. ఈ జిగురు రాయాలి" అని వేలెడంత ట్యూబు ఇచ్చాడు. దాని మీది చీమల్లాంటి అక్షరాలు అక్కడే నిలబడి చదివాను. శుభ్రంగా తుడిచి రాయాలి. ఒక రోజు పూర్తిగా ఆరాలి. వెనక క్యూలో ఎవరో "ఇంటికెళ్ళి చదువుకోవచ్చుగా" అన్నారు. "ఇంటికెళ్ళాక తెలిస్తే మళ్ళీ నీ ముందుకొచ్చి నిలబడాల్సి వస్తుంది నాయనా" అన్నాను. చదవడం ఆపలేదు.

బుధవారం మేడం దగ్గరికి వెళ్ళలేదు. ఇంట్లో కూర్చుని కుట్లకు జిగురు రాశాను. చెప్పాగా, నాకు నేర్పేదేముందని.

ఆదివారం మేడం పెరట్లో పన్నెండు మందిమి. మా వదిన కూడా వచ్చింది. చూడటానికి కాదట, దారిలో పనుండి వచ్చిందట, చేతిలో మడత కుర్చీతో. నా వంతు రాగానే పట్టా తీసి నాలుగు మూలలూ నాలుగు గుంజలకు లాగి కట్టాను. ఎక్కడా ముడత లేదు, తబలా మీద తోలులా బిగుసుకుంది. లారీ డ్రైవర్లు చూస్తే శభాష్ అనేవాళ్ళు. మేడం ఏదో అనబోయి ఆగింది. నేను ఊయలలోకి ఎక్కి పడుకున్నాను.

ఈల మోగింది. నీళ్ళు పడ్డాయి. మొదటి ఐదు నిమిషాలు చప్పుడు తప్ప చుక్క లేదు. కుట్లు కారలేదు. నాలో నేనే నవ్వుకున్నాను. అప్పుడు నా కళ్ళ ముందు పట్టా మధ్యలో చిన్న బొడ్డు లాంటిది దిగింది. బొడ్డు పొట్టయింది. పొట్ట నిండు చూలాలి పొట్టయింది. అది నా ముక్కుకు తగలగానే చేత్తో పైకి తోశాను. తోయకుండా ఉండాల్సింది. కుండ పగిలినట్టు మొత్తం నీళ్ళూ పక్కకు పొర్లి నా ఊయలలోకే దిగాయి.

పెరడంతా నవ్వులు. మా వదిన నవ్వు వాటన్నిటికీ పైన.

మేడం నవ్వలేదు. "లారీలో కప్పు కింద సరుకుంటుంది. గుట్టలా ఉండి కప్పును అదే ఎత్తి పెడుతుంది. ఇక్కడ మీ కింద ఊయల, మీ పైన ఖాళీ. బుధవారం చెప్పింది ఇదే." ఎర్రపెన్నుతో లిస్టులో నా పేరు కొట్టేసింది.

ముప్ఫై నాలుగేళ్ళు రింగులు వేశాను కానీ ఒక్కసారి కూడా లారీ ఎక్కి ఆ గుట్ట ఎలా ఉంటుందో చూడలేదు. నాకు తెలిసింది పట్టా అంచులు మాత్రమే. బట్టలు పిండుకుంటూ అడిగాను.

"లిస్టు ఎప్పుడు మూస్తారు?"

"శనివారం సాయంత్రం. సోమవారం బయల్దేరతాం."

"శనివారం పొద్దున వస్తాను."

"మళ్ళీనా?" అంది మా వదిన. "ఒకసారి తడిసింది చాల్లేదూ?"

"తల తడిశాక క్షవరం సగంలో ఆపుతారా వదినా?"

ఇంటికొచ్చి డాబా ఎక్కాను. దండెం మీద మావాడి దుప్పటి ఆరేసి ఉంది. రెండు వైపులా వాలుగా దిగి, నీళ్ళు అంచుల నుంచి బొట్టు బొట్టుగా రాలుతున్నాయి. మధ్యలో చుక్క నిలవలేదు. పెళ్ళయిన నాటి నుంచి రోజూ దండెం మీద బట్టలు వేస్తున్నాను. ముక్కు కింద ఉన్నది కళ్ళకు కనపడలేదు.

కానీ పట్టాను తాడు మీద వాలుగా వేస్తే, ఆ తాడు మీద జారకుండా రెండు అంచుల నడుమా పట్టుకునేది ఏదో ఉండాలి. నేను కొన్నదానికి మూలల్లో తప్ప రింగుల్లేవు. చవకకు అదీ ఒక కారణమే. షెడ్డులోకి వెళ్ళి ఫ్రిజ్‌ల వెనక నుంచి నా పెట్టె లాగాను. సుత్తి, పొడిచే ఉలి, ఇత్తడి రింగులు నాలుగు మిగిలున్నాయి. పాత పట్టా ముక్క రెండు మడతలు వేసి అంచు నడుమ ఆసరాగా కుట్టాను, కన్నం పొడిచాను, రింగు పెట్టి కొట్టాను. ఐదేళ్ళ తర్వాత షెడ్డులో ఆ చప్పుడు. మూడు దెబ్బలు, కాస్త ఆగి, ఇంకో దెబ్బ. బయట ఎవరితోనో మాట్లాడుతున్న మావాడు మాట మధ్యలో ఆపేశాడు. లోపలికి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. రెండో వైపు రింగు కొట్టేటప్పుడు గుడ్డ కదలకుండా పట్టుకున్నాడు.

కుట్టిన చోట జిగురు రాసి, ఒక రోజు ఆరబెట్టి, గురువారం డాబా మీద నీళ్ళ ట్యాంకు కాలికీ దండెం స్తంభానికీ మధ్య అంతా కట్టాను. ఊయల లేదు కనక కింద చాప వేసుకుని పడుకున్నాను. మావాడు బకెట్లు మోశాడు.

"అమ్మా, ఒక పందెం. తడిశావనుకో, మానేస్తావా?"

"పందెం వేయను. పందెమంటే ఓడితే మానాలి. నేను మానను."

"మరి తడిస్తే?"

"మళ్ళీ కడతా."

వాడు పళ్ళు బిగించి పది బకెట్లు గుమ్మరించాడు, కసి తీరా. చాప పొడిగా ఉంది. పదకొండోది వేయకుండా బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు. "ఊయల తాళ్ళు చెట్టుకు కడతారుగా, తాడు వెంట నీళ్ళు దిగవా?" అన్నాడు.

వాడి నోటి నుంచి ఆ ప్రశ్న వచ్చినందుకు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. వద్దన్నవాడు లోపం వెతుకుతున్నాడంటే వెళ్ళమన్నట్టే. ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గరుంది. నీళ్ళు దొంగ లాంటివి, తాడు పట్టుకుని దిగుతాయని ఒక ముసలి డ్రైవరు అనేవాడు. తాడుకు ఒక గుడ్డ పీలిక కట్టేవాడు, వచ్చిన నీళ్ళు ఆ పీలిక వెంట నేలకు కారిపోయేవి. నా పాత లంగా అంచు చించి రెండు పీలికలు తయారు చేశాను.

శనివారం పెరట్లో మేడం, నేను, మావాడు, మళ్ళీ మడత కుర్చీతో మా వదిన. ఈసారి గొడుగు కూడా తెచ్చుకుంది. చెట్టుకూ చెట్టుకూ తాడు లాగాను. పట్టా దాని మీద వేసి రెండు నడిమి రింగులూ బిగించాను. పక్కలు వాలుగా లాగి నేలలో మేకులు దిగ్గొట్టాను. కప్పు అంచు లోపల, ఊయల తాళ్ళకు పీలికలు కట్టాను. మేడం చుట్టూ తిరిగి చూసింది. పీలిక దగ్గర ఆగి వేలితో తాకింది.

ఊయల ఎక్కేటప్పుడు నా నోటు పుస్తకం, పెన్ను తీసుకున్నాను.

"అదెందుకు?" అంది మేడం.

"అరగంట ఊరికే పడుకోవడం అలవాటు లేదు."

ఈల మోగింది. పైనుంచి నీళ్ళు వాలులో జారిపోతున్న చప్పుడు వింటూ రాశాను. పావుగంట గడిచాక మేడం పైపు పక్కకు తిప్పింది. గాలివాన అలా కూడా వస్తుంది, ఆవిడ తప్పు లేదు. నీళ్ళు పట్టా పక్కను బాదాయి. పాదాల దగ్గర తుంపర పడింది. దిగకుండానే చెయ్యి చాపి పక్క తాడు లాగి పట్టా ఇంకో జానెడు కిందికి దించాను. తుంపర ఆగింది. మేడం ఇంకా దగ్గరికి వచ్చి కొట్టింది.

"ఏమ్మోయ్!" మా వదిన కుర్చీలోంచి లేచింది. "మా మనిషిని అలా కొడతావేం నీళ్ళతో? వాన కొండ మీద పడుతుంది కానీ కక్ష కట్టి పక్కనుంచి వస్తుందా?"

"కూర్చోండమ్మా, రూలు రూలే."

"నీ రూలు నీళ్ళపాలు గాను! దాని వయసు చూశావా?"

"వదినా, కూర్చో!" అని లోపల్నుంచి అరిచాను. "వయసుతో పని లేదని బోర్డు మీద రాసుంది."

ఈల మోగింది. దిగి మేడంకి వీపు చూపించాను. చేత్తో తడిమింది. ఊయల అడుగు తడిమింది. తర్వాత నా నోటు పుస్తకం అడిగి తీసుకుంది. ఒక పేజీ నిండా ఒకే వాక్యం ఉంది. "ఇంకా పొడిగానే ఉన్నాను." ఎనిమిదిసార్లు. నెమ్మది రాత కదా, అరగంటకు ఎనిమిదే వచ్చాయి. ఒక్క అక్షరం కూడా చెదరలేదు.

మేడం లిస్టు తీసి ఎర్రగీత కింద నా పేరు మళ్ళీ రాయబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"కొట్టేసింది మీరు. రాసేది నేను."

పెన్ను నా చేతికిచ్చింది. ఎంతసేపు పట్టిందో తెలియదు. ఎవరూ తొందరపెట్టలేదు. మా వదిన కూడా.

దారిలో ఆవిడ నా సంచీ లాక్కుని మోసింది. ఇంటి దగ్గర ఇస్తూ "అయితే నిజంగానే వెళ్తావన్నమాట. అక్కడ నిజం వానొస్తేనో?" అంది.

"రానీ వదినా. ఇంత చేసింది అది రావాలనే."

ఇవాళ ఆదివారం, రేపు పొద్దున్నే బయల్దేరాలి. సంచీ గుమ్మం దగ్గరుంది. మట్టిరంగు పట్టా అన్నిటికంటే పైన పెట్టాను, ముందు తీయాల్సింది అదే కనక.

రింగులమ్మ. అరవై మూడేళ్ళు. ఉండేది ఫ్రిజ్‌ల షెడ్డు వెనక రెండు గదుల్లో. రేపటి నుంచి మూడు రోజులు మాత్రం రెండు చెట్ల మధ్య.